లాస్ శాంటోస్ వీధులు ఎందుకు మసకబారాయి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆట కోసం ఆన్‌లైన్‌లో పక్కలకి జరుపుతూ, జూమ్ చేసుకుంటూ చూసే మ్యాప్ ఒకటి తయారుచేశాను. ఆటలో వెతికి పట్టుకోవాల్సిన 100 గ్రాఫిటీ గుర్తులు, 50 గుర్రపు నాడాలు, 50 ఆల్చిప్పలు, 50 ఫోటో స్పాట్లు అన్నీ అందులో పెట్టాను. మ్యాప్ బొమ్మని ఆట ఫైళ్లలోంచే తీసుకున్నాను. ఆటలోని లాస్ శాంటోస్ నగరం దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది, జూమ్ చేసేకొద్దీ మసక. కంప్యూటర్‌లో కాస్త నయం, ఫోన్‌లో మరీ ఘోరం. ఏఐ సాఫ్ట్‌వేర్‌తో బొమ్మని నాలుగింతలు పెద్దది చేశాను. నునుపుగా వచ్చింది గానీ, ‘ఈ దారి ఆటలో లేదురా’ అంటున్నారు మా ఫ్రెండ్స్. ఇప్పుడు ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట మీ ఫ్రెండ్స్‌ది. మసకగా ఉన్న మ్యాప్‌తో విసుగొస్తుంది, అంతే. లేని దారిని చూపించే మ్యాప్‌ని నమ్మి వెళ్లినవాడు గోడకి గుద్దుకుంటాడు. కాబట్టి ఏఐతో పెద్దది చేసిన ఆ బొమ్మని ముందు పక్కన పెట్టేయండి. మసకే ఉన్నా సరే, అసలు బొమ్మనే తిరిగి పెట్టి, అక్కడి నుంచి మొదలుపెడదాం.

మీ చేతిలో ఉన్న బొమ్మ ఎంతదో ఒకసారి లెక్క చూడండి. శాన్ ఆండ్రియాస్ ఫైళ్లలో మ్యాప్ 144 ముక్కలుగా ఉంటుంది. రాడార్00తో మొదలై రాడార్143తో ఆగుతుంది. అడ్డంగా 12, నిలువుగా 12. ఒక్కో ముక్క 128 పిక్సెళ్ల చదరం. అన్నీ అతికిస్తే 1536 పిక్సెళ్ల చదరం అవుతుంది. ఆటలోని నేల మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి 6000 యూనిట్లు. యూనిట్ అంటే సుమారుగా మీటరు అనుకోండి. 6000ని 1536తో భాగిస్తే 3.9 వస్తుంది. అంటే మీ బొమ్మలో ఒక్కో పిక్సెల్ కింద దాదాపు నాలుగు మీటర్ల నేల ఉంది. ఆట హీరో సీజే ఇంటి ముందు ఆపే కారుకి ఈ బొమ్మలో దక్కేది ఒక చుక్క, మహా అయితే చుక్కున్నర. 2004లో ప్లేస్టేషన్ 2 కోసం చేసిన ఆట ఇది. ఆ యంత్రానికి ఉన్న మెమరీయే 32 ఎంబీ. తెర మూలన తిరిగే చిన్న రాడార్‌కీ, ఆట ఆపినప్పుడు కనిపించే మ్యాప్‌కీ సరిపోయేంత బొమ్మ గీశారు. ఆ పనికి అది చక్కగా సరిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత మనం దాన్ని ఫోన్‌లో వేళ్లతో లాగి చూస్తామని వాళ్లు గీయలేదు కదా.

ఈ 3.9 అనే అంకె దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే నా ఉద్యోగ జీవితమంతా దాదాపు ఇదే అంకెతో గడిచింది. 1:50,000 స్కేలు టోపోషీట్‌ని, అంటే నేల వివరాలు గీసిన సర్వే మ్యాప్‌ని, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ 4.2 మీటర్ల నేల అవుతుంది. 2003లో నేను హైదరాబాద్‌లో ఒక డిజిటైజింగ్ ఆఫీసులో చేరాను. స్కాన్ చేసిన షీట్ల మీద మౌస్‌తో రోడ్లు, కాలువలు, చెరువు గట్లు గీయడం పని. మొదటి నెలలోనే గోదావరి డెల్టా షీట్ ఒకటి నాకిచ్చారు. మాది రాజమండ్రి, ఆ ఊళ్లన్నీ నాకు తెలిసినవే, సంబరంగా మొదలుపెట్టాను. అయితే ఆ షీట్ ఎవరో తొందరలో 150 డీపీఐలో స్కాన్ చేశారు. పిక్సెల్‌కి ఎనిమిదిన్నర మీటర్లు. కాగితం మీద కాలువ, కాలువ గట్టు మీద బండిబాట పక్కపక్కనే రెండు సన్నని గీతలు. తెర మీద రెండూ కలిసిపోయి ఊదారంగు చార ఒకటి మిగిలింది. నేను సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని రెండింతలు చేసి, షార్ప్ చేసి, ఆ చార మీద ఒకే ఒక గీత గీశాను. పదకొండు కిలోమీటర్ల బండిబాట మాయమైపోయింది. చెకింగ్ చేసే పెద్దాయన షీట్ వెనక్కి పంపలేదు. నా సీటు దగ్గరికి వచ్చి, అసలు కాగితం తెచ్చి బల్ల మీద పరిచి, భూతద్దం చేతికిచ్చి, ‘ఇక్కడ చూడమ్మా, ఎన్ని గీతలున్నాయి?’ అని అడిగారు. రెండున్నాయి. మర్నాడు 400 డీపీఐలో మళ్లీ స్కాన్ చేయిస్తే తెర మీదా రెండూ కనిపించాయి.

మీ ఏఐ సాఫ్ట్‌వేర్ చేసిందీ అచ్చం నేను చేసిన పనే. రియల్-ఈఎస్‌ఆర్‌గాన్ లాంటివి, 2021 నుంచి అందరూ వాడుతున్నవి, వేల ఫోటోలు చూసి ‘ఇలాంటి మసక చార పెద్దగా ఉంటే ఇలా ఉండొచ్చు’ అని ఊహించి గీస్తాయి. పాత ఫోటోలో అమ్మమ్మ చీర అంచుకి ఆ ఊహ చాలు. సందు ఎక్కడ తిరుగుతుందో చెప్పాల్సిన మ్యాప్‌కి చాలదు. మీ ఉత్తరం చదివాక నేనూ చేసి చూశాను. సీజే ఇల్లు ఆట కొలతల్లో సుమారు 2495, మైనస్ 1687 దగ్గర ఉంటుంది. పాత బొమ్మలో అది అడ్డంగా 1407వ పిక్సెల్. పదకొండో ముక్క 1408 దగ్గర అయిపోతుంది. అంటే ఆ ఇల్లు సరిగ్గా రెండు ముక్కల అతుకు మీద ఉంది. ముక్కల్ని విడివిడిగా ఏఐకి ఇస్తే, ఒక్కోదానికీ పక్కన ఏముందో తెలియదు. తిరిగి అతికించాక రోడ్డు అంచు అతుకు దగ్గర మెట్టులా విరిగింది. ఆటలో అన్నిటికంటే ముందు అందరూ వెతికే వీధి అది!

మరి వివరం ఎక్కడి నుంచి తేవాలి? ఆటలోంచే. ఆ రోడ్లు, పైకప్పులు, పెరట్లో కంచెలు అన్నీ ఆటలో ఉన్నాయి, మ్యాప్ బొమ్మలో మాత్రమే లేవు. కెమెరాని ఆకాశంలో పెట్టి, నిలువుగా కిందికి చూపించి, వరసగా ఫోటోలు తీసి అతకాలి. నేల మీద విమానం నుంచి సర్వే ఫోటోలు తీసేదీ ఇలాగే.

ఎన్ని ఫోటోలు అని భయపడకండి. ఆట తయారుచేసినవాళ్లు నేలని 500 యూనిట్ల చదరాలుగా, 144 ముక్కలు చేశారని చెప్పాను కదా. మీరూ అవే చదరాలు పట్టుకోండి. మీ తెర 1920 బై 1080 అనుకుందాం. మధ్యలో 1000 పిక్సెళ్ల చదరంలో సరిగ్గా 500 యూనిట్ల నేల పట్టేలా కెమెరా ఎత్తు సరిచేసుకోండి. పైనా కిందా 40 పిక్సెళ్ల చొప్పున మిగులుతాయి, పక్క ఫోటోతో సరిచూసుకోవడానికి అవి పనికొస్తాయి. అలా 144 ఫోటోలు అతికిస్తే 12,000 పిక్సెళ్ల చదరం వస్తుంది. పిక్సెల్‌కి అర మీటరు. నాలుగు మీటర్ల నుంచి అర మీటరుకి దిగారు, అదీ ఏ ఊహా లేకుండా. అందులో చాలా చదరాలు ఉత్త సముద్రం, అవి తీయక్కర్లేదు కూడా.

ఈ పనిలో రెండు చోట్ల తేడా కొడుతుంది. ఒకటి గడియారం. ఈ ఆటలో మన సెకను ఒక నిమిషం. ఫోటోకి పది సెకన్లు పట్టినా 144 ఫోటోలకి 24 నిమిషాలు, అంటే ఆటలో సరిగ్గా ఒక రోజు. పొద్దున మొదలుపెట్టిన మ్యాప్‌లో ఒక మూల ఎండ, ఒక మూల నారింజ రంగు సాయంత్రం, మధ్యలో చిమ్మచీకటి వస్తుంది. గడియారాన్ని మధ్యాహ్నం 12 దగ్గర ఆపేసి, వాతావరణాన్ని మబ్బు లేకుండా కట్టేసే మోడ్ (ఆటని మార్చే చిన్న అదనపు ప్రోగ్రామ్) పెట్టుకున్నాకే కెమెరా ఎత్తండి. తెర మీద డబ్బు, ఆయుధం, రాడార్ బొమ్మలు కనిపించకుండా తీసేయడం మర్చిపోవద్దు.

రెండోది భవనాల వాలు. కొబ్బరితోట మీద డ్రోన్ ఎగరేస్తే ఏం కనిపిస్తుంది? సరిగ్గా కిందున్న చెట్టుకి మట్టలే కనిపిస్తాయి. పక్క చెట్టుకి మాను కూడా కనిపిస్తుంది, చెట్టు బయటికి వాలినట్టుంటుంది. లాస్ శాంటోస్ డౌన్‌టౌన్ ఎత్తు భవనాలూ అంతే. ఈ ఫోటోలో ఎడమకి వాలిన భవనం పక్క ఫోటోలో కుడికి వాలుతుంది, అతుకు దగ్గర రెండుగా చీలుతుంది. మందు ఏమిటంటే కెమెరాని బాగా పైకి తీసుకెళ్లి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే కెమెరా చూసే వెడల్పు, తగ్గించడం. టెలిస్కోప్‌లోంచి చూసినట్టన్నమాట. దూరం పెరిగేకొద్దీ వాలు తగ్గుతుంది. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కెమెరా దూరమైతే ఆట అసలు భవనాన్ని తీసేసి, దూరానికి వాడే ముతక నమూనాని పెడుతుంది. కిటికీలు, కంచెలు, చెట్లు ఎగిరిపోతాయి. అంటే మీరు దేనికోసం ఇంత శ్రమపడుతున్నారో అదే పోతుంది. అందుకే దూరంలో కూడా అసలు నమూనాలే చూపించే డ్రా డిస్టెన్స్ మోడ్ కూడా కావాలి. 144 తీసేముందు డౌన్‌టౌన్‌లో పక్కపక్క నాలుగు చదరాలు తీసి అతికించి చూడండి. అవి కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి. ఇదంతా మీ కంప్యూటర్‌లో ఒక్కరే ఆడే ఆటలోనే చేయండి. బొమ్మల మీద హక్కు ఆట కంపెనీదే కాబట్టి మ్యాప్‌ని డబ్బుకి అమ్మే ఆలోచన పెట్టుకోవద్దు.

ఇక ఫోన్ సంగతి. మ్యాప్ బొమ్మని 256 పిక్సెళ్ల పలకలుగా కోసి చూపిస్తారని మీకు తెలుసు. మామూలు కంప్యూటర్ తెర మీద 256 అంటే 256 చుక్కలే. ఇప్పుడొచ్చే చాలా ఫోన్లలో మాత్రం ఒక్కో పిక్సెల్ స్థానంలో అడ్డంగా మూడు, నిలువుగా మూడు చుక్కలుంటాయి. అదే పలకని ఫోన్ 768 చుక్కల మీద పరుస్తుంది. మసక రాక ఏమవుతుంది? వెబ్ పేజీలో మ్యాప్ చూపించే లీఫ్‌లెట్ అనే కోడ్ లైబ్రరీలో డిటెక్ట్‌రెటీనా అని ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే, అలాంటి తెరల మీద ఒక పలక బదులు ఇంకో మెట్టు దగ్గరి జూమ్ స్థాయిలోని నాలుగు పలకల్ని సగం సైజులో చూపిస్తుంది. ఆ స్థాయిలో నిజంగా వివరం ఉంటేనే ఇది పనిచేస్తుంది, అందుకే ఫోటోల తర్వాత చెప్పాను.

మీ కోడ్‌లో మ్యాక్స్‌జూమ్ 7 అని రాసి ఉంటుందని నా అనుమానం. సున్నా స్థాయిలో మ్యాప్ అంతా ఒక్క పలక, ఒక్కో స్థాయికి రెండింతలవుతుంది. మీ 1536 బొమ్మ మూడో స్థాయితోనే అయిపోతుంది. అక్కడి నుంచి ఏడుకి వెళ్తే ఒక్కో పిక్సెల్ పదహారింతలు సాగుతుంది. కొత్త 12,000 బొమ్మకి ఆరో స్థాయి దాకా పలకలుంటాయి. అన్ని స్థాయిలూ కలిపి 2979. మ్యాక్స్‌నేటివ్‌జూమ్ (నిజంగా పలకలున్న చివరి స్థాయి) 6 పెట్టి, డిటెక్ట్‌రెటీనా పనిచేసే తెరలకి మాత్రం 5 పెట్టి, మ్యాక్స్‌జూమ్ 7 పెట్టండి. ఒక్క మెట్టు సాగితే కంటికి పెద్దగా తెలియదు, దగ్గరదగ్గరగా ఉన్న గుర్తుల మీద వేలు పెట్టడానికి వీలుగానూ ఉంటుంది. అంతకు మించి జూమ్ ఇవ్వకండి.

గుర్తుల్ని బొమ్మ పిక్సెళ్లతో పెట్టారో, ఆట కొలతలతో పెట్టారో మీరు రాయలేదు. పిక్సెళ్లతో పెట్టి ఉంటే బొమ్మ మార్చిన రోజునే 250 గుర్తులూ చెదిరిపోతాయి. ఇప్పుడే అన్నిటినీ ఆట కొలతల్లోకి మార్చండి. లెక్క సులువే. అడ్డానికి, ఆట కొలతకి 3000 కలిపి, బొమ్మ వెడల్పుతో హెచ్చవేసి, 6000తో భాగించాలి. నిలువుకి, 3000లోంచి ఆట కొలత తీసేసి అదే పని చేయాలి. ఆటలో ఉత్తరం వైపు అంకె పెరుగుతుంది, బొమ్మలో కిందికి పెరుగుతుంది, తేడా అంతే. సీజే ఇల్లు పాత బొమ్మలో 1407, 1200 దగ్గరుంటే, కొత్త దాంట్లో 10,990, 9374 దగ్గర పడుతుంది. రేపు ఇంకెవరైనా ఇంతకంటే పెద్ద బొమ్మ ఇచ్చినా మీ గుర్తులు కదలవు.

వీధుల పేర్లు, ఊళ్ల పేర్లు బొమ్మలో కలిపేయకండి. విడిగా అక్షరాలుగా పెడితే ఏ జూమ్‌లోనైనా స్ఫుటంగా ఉంటాయి. స్క్రీన్‌షాట్లు పీఎన్‌జీలో తీసి, పీఎన్‌జీలోనే అతికించి, పలకలు కోసేటప్పుడు ఒక్కసారి మాత్రమే వెబ్‌పీకో జేపెగ్‌కో మార్చండి. మధ్యలో జేపెగ్‌లో సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది.

ఒక్క చోట మాత్రం పై నుంచి తీసిన ఏ ఫోటో మీకు సాయం చేయదు. గ్రాఫిటీ గుర్తులు గోడల మీద ఉంటాయి. ఆకాశం నుంచి గోడ కనిపించదు, పైకప్పు అంచే కనిపిస్తుంది. ఆ 100 గుర్తులకి ఒక్కోదానికి సీజే నిలబడి చూసినట్టు ఒక ఫోటో తీసి, గుర్తు నొక్కితే కనిపించేలా పెట్టండి. ఎక్కువ శ్రమే, కాదనను. మావాడు 2005లో ఆ ఆట కంప్యూటర్‌కి వచ్చిన కొత్తలో, నోట్‌బుక్ వెనక పేజీల్లో సరిగ్గా ఇవే రాసుకునేవాడు: ‘మెట్ల కింద’, ‘షట్టర్ మీద’, ‘ఎడమ గోడ వెనక’ అని. మ్యాప్ మీద చుక్క దగ్గరికి వెళ్లిన పిల్లాడికి అక్కడ కావాల్సింది ఆ మాటే.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. మా అమ్మాయికి 1986 నాటి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆట చూపిస్తూ, ఇద్దరం కలిసి దానికి జూమ్ అయ్యే మ్యాప్ చేస్తున్నాం. చిన్న చిన్న చదరాల బొమ్మ జూమ్ చేస్తే అలుక్కుపోయినట్టు అవుతోంది. ఇంకా పెద్ద బొమ్మ ఎక్కడ దొరుకుతుంది?
– ఒక తండ్రి

జవాబు: మీకు పెద్ద బొమ్మ అక్కర్లేదండీ. ఆ ఆటలో పైనేల 128 తెరలు, అడ్డంగా 16, నిలువుగా 8. ఒక్కో తెర 256 బై 176 పిక్సెళ్లు. మొత్తం 4096 బై 1408. అంతకు మించి ఒక్క చుక్క కూడా ఆ ఆటలో లేదు. మీ దగ్గరున్నదే పూర్తి వివరం. దాన్ని పాడుచేస్తున్నది బ్రౌజర్. పెద్దది చేసేటప్పుడు పక్కపక్క చుక్కల రంగులు కలిపి నునుపు చేస్తోంది. పలకల స్టైల్‌లో ఇమేజ్-రెండరింగ్ అనే చోట పిక్సెలేటెడ్ అని రాయండి. ఒక చుక్క నాలుగింతలైనా పదహారింతలైనా పదునైన చదరంగానే ఉంటుంది. జూమ్ రెండింతల చొప్పునే పెరగనివ్వండి. ఒకటిన్నర ఇంతలు లాంటి మధ్య మెట్లు ఇస్తే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా పడతాయి. చిన్నది చేసి చూపించే స్థాయిలకి మాత్రం రంగులు కలిపి తగ్గించిన బొమ్మలే బాగుంటాయి, లేకపోతే చెట్ల వరసలు మిణుకుమంటాయి.

పలకని 256 బై 256 కాకుండా 256 బై 176 పెట్టుకోండి, లీఫ్‌లెట్ ఒప్పుకుంటుంది. అప్పుడు ఒక పలక అంటే ఆటలో ఒక తెర. అన్ని స్థాయిలకీ కలిపి 170 పలకలు చాలు. మీ అమ్మాయి ఆటలో ఒక తెర దాటి ఇంకో తెరలోకి నడిచినప్పుడల్లా మ్యాప్‌లో ఒక పలక దాటుతుంది. ఏ పలక ఏ తెరో తనే పేర్లు పెట్టుకోవచ్చు.

ప్రశ్న: పలకలుగా కోయడం దేనికి? 12,000 పిక్సెళ్ల బొమ్మ ఒక్కటే ఫైల్‌గా పెట్టేస్తే సరిపోదా? నా ఫైల్ 30 ఎంబీనే. అయినా మా నాన్నగారి ఫోన్‌లో తెరిస్తే పేజీ మూసుకుపోతోంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ 30 ఎంబీ, మడిచి మూట కట్టినప్పటి బరువు. చూపించాలంటే ఫోన్ ఆ మూట విప్పాలి. 12,000ని 12,000తో హెచ్చవేస్తే 14 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. ఒక్కోదానికి నాలుగు బైట్లు. మొత్తం 576 ఎంబీ, ఒక్క బొమ్మకే. నాన్నగారి ఫోన్ తప్పేం లేదు. పలకలుగా కోస్తే మామూలు ఫోన్ తెర మీద ఒకసారికి 15 పలకలకి మించి పట్టవు. విప్పినా నాలుగు ఎంబీ లోపే. సముద్రం పలకలన్నిటికీ ఒకే నీలం పలక వాడితే డేటా ఖర్చూ తగ్గుతుంది. కోశాక అదే ఫోన్‌లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఒకసారి తెరిచి చూడండి.